ఓమ్ మహాశయుడు – మన తీగల లెక్క

పెన్షనర్ల దినోత్సవ ప్రత్యేక సంచికకు ఎవరైనా ఒక మహనీయుని జీవితం వ్రాసి ఇమ్మని మన సంఘ కార్యదర్శి గారు అడిగారు. ముందుగా దేశనాయకులే తలపుకు వచ్చారు. కాని వారి గురించి నాకంటె బాగా వ్రాయగలవారు మన సభ్యులలో చాలామంది ఉన్నారు. నేను 1972లో విద్యుత్ శాఖలో సూపర్‌వైజరుగా చేరి, 33 సంవత్సరాలు స్తంభాలు, తీగలు, ట్రాన్స్‌ఫార్మర్ల మధ్య గడిపి, 2005లో పదవీ విరమణ చేసినవాణ్ణి. అన్నేళ్ళూ నా నోట అందరికంటె ఎక్కువసార్లు పలికిన పేరు ఎవరిదా అని ఆలోచిస్తే, అది ఓమ్ అనే జర్మన్ శాస్త్రవేత్తది. మెగ్గరు తిప్పి ఇన్ని మెగోములు అని పుస్తకంలో వ్రాసుకునేవాళ్ళం. ఎర్తు గొయ్యిలో నీళ్ళు పోసి ఇన్ని ఓములకు దిగింది అని సంతోషించేవాళ్ళం. ఆ ఓము వెనుక ఒక మనిషి ఉన్నాడనీ, అతనికీ జీతం చాలని రోజులూ, బదిలీలూ, అవమానాలూ ఉన్నాయనీ నాకు చాలాకాలం తెలియదు. తెలిసిన తరువాత ఆయన మనవాడే అనిపించాడు. అందుకే ఈ నాలుగు మాటలు.

జార్జ్ సైమన్ ఓమ్ 1789 మార్చి 16న జర్మనీలోని ఎర్లాంగెన్ పట్టణంలో పుట్టాడు. తండ్రి యోహాన్ వోల్ఫ్‌గాంగ్ తాళాలు చేసే కమ్మరి. తల్లి ఒక దర్జీ కూతురు. ఏడుగురు బిడ్డలు పుడితే దక్కింది ముగ్గురే – జార్జ్, తమ్ముడు మార్టిన్, ఒక చెల్లెలు. జార్జ్‌కు పదేళ్ళ వయసులో తల్లి కన్నుమూసింది.

ఆ తండ్రి గురించి కొంచెం చెప్పుకోవాలి. ఆయన పెద్ద బడులకు వెళ్ళినవాడు కాదు. పగలంతా ఆకురాయితో ఇనుము రుద్దే చేతులు. అయినా స్వయంకృషితో గణితం, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం, తత్వశాస్త్రం చదువుకున్నాడు. చదువుకొని ఊరుకోక, కొడుకులిద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకొని తానే నేర్పాడు. ఊరి బడిలో దొరకని చదువు ఇంట్లో దొరికింది. అక్కడి విశ్వవిద్యాలయ ఆచార్యుడొకాయన ఆ పిల్లలను పరీక్షించి, స్విట్జర్లాండులో గణితానికి పేరుపొందిన బెర్నౌలీ సోదరులంతటివారు అవుతారని మెచ్చుకున్నాడు. పెద్దవాడు భౌతికశాస్త్రంలో ప్రసిద్ధుడైతే, చిన్నవాడు మార్టిన్ బెర్లిన్‌లో గణితాచార్యుడయ్యాడు. అక్షరం విలువ తెలిసిన పేద తండ్రి ఏం చేయగలడో మన తరం వారికి వేరే చెప్పనక్కరలేదు. మనలో చాలామంది ఇళ్ళలో జరిగిన కథే ఇది.

అయితే మన కథానాయకుడు మొదటినుంచీ బుద్ధిమంతుడేం కాదు. 1805లో పదహారేళ్ళ వయసులో విశ్వవిద్యాలయంలో చేరగానే నాట్యం, మంచుమీద జారే ఆట, బిలియర్డ్స్ – వీటిలో మునిగిపోయాడు. తాను రక్తం ఓడ్చి చదివిస్తుంటే కొడుకు ఆటలతో కాలం గడుపుతున్నాడని తండ్రికి కోపం వచ్చింది. మూడు అర్ధ సంవత్సరాలు గడిచాక చదువు మాన్పించి స్విట్జర్లాండు పంపేశాడు. అక్కడ 1806లో ఒక బడిలో లెక్కల పంతులుగా ఓమ్ ఉద్యోగ జీవితం మొదలయింది. ఆ ఒంటరితనం ఆయనకు మేలే చేసింది. పాఠాలు చెప్పుకుంటూ, పెద్ద గణితవేత్తల గ్రంథాలు సొంతంగా చదివి, 1811లో ఎర్లాంగెన్‌కు తిరిగివచ్చి డాక్టరేటు పట్టా అందుకున్నాడు.

పట్టా వచ్చింది గాని బ్రతుకు తెరువు రాలేదు. విశ్వవిద్యాలయంలో కొంతకాలం పాఠాలు చెప్పినా ఆ రాబడితో పూట గడవలేదు. 1813లో బాంబెర్గ్ పట్టణంలో ఒక నాసిరకం బడిలో చేరాడు. 1816లో ఆ బడి మూతపడింది. విద్యార్థులు క్రిక్కిరిసిన మరో బడికి పంపారు. చివరకు 1817లో కొలోన్ నగరంలోని జెస్యూట్ ఉన్నత పాఠశాలలో గణిత, భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడిగా మంచి ఉద్యోగం దొరికింది. ఆ బడికి చక్కని ప్రయోగశాల ఉండేది. తాళాలు చేసే ఇంట పుట్టినవాడు కనుక పనిముట్లు చేత్తో తయారుచేసుకోవడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య.

ఇంతలో 1820లో డెన్మార్కు శాస్త్రవేత్త ఓయర్‌స్టెడ్, తీగలో విద్యుత్తు ప్రవహించినప్పుడు దగ్గరలోని దిక్సూచి ముల్లు ప్రక్కకు తిరుగుతుందని కనిపెట్టాడు. అంతవరకు విద్యుత్ ప్రవాహాన్ని కొలిచే సాధనమే లేదు. ఇప్పుడు ముల్లు ఎంత తిరిగితే అంత ప్రవాహం అని తెలుసుకునే దారి దొరికింది. ఓమ్ ఈ దారి పట్టుకున్నాడు. ఒకే బ్యాటరీకి పొట్టి తీగ కలిపితే ఎంత ప్రవాహం, పొడుగు తీగ కలిపితే ఎంత? సన్న తీగకెంత, లావు తీగకెంత? రాగికెంత, ఇత్తడికెంత? ఈ ప్రశ్నలకు లెక్కతో జవాబు చెప్పాలని కూర్చున్నాడు.

ఈ దారిలో ఆయనకు ముందు నడిచినవారు లేకపోలేదు. ఇంగ్లండులో కావెండిష్ అనే ఆయన అంతకు ఎన్నో ఏళ్ళ ముందే, కొలిచే సాధనం లేక, తన శరీరానికే షాకులు ఇచ్చుకొని తీవ్రత పోల్చుకుంటూ ఇటువంటి ఫలితమే సాధించి, ఎవరికీ చెప్పకుండా కాగితాలలో దాచుకున్నాడు. అవి మాక్స్‌వెల్ చేతిమీదుగా 1879లో గాని అచ్చు కాలేదు. డేవీ అనే మరో శాస్త్రవేత్త 1821లో తీగ పొడవు, మందాల ప్రభావం గమనించాడు. కాని బ్యాటరీ, తీగ, ప్రవాహం మూడింటినీ కలిపి ఒక్క సూత్రంలో బంధించి లోకానికి అందించినవాడు ఓమ్.

ఆ సూత్రం మొదటిసారికే చిక్కలేదు. 1825లో ఆయన తొలి వ్యాసం ప్రకటించాడు. అందులో ఇచ్చిన సమీకరణం సరైనది కాదు. కారణం ఆయన వాడిన బ్యాటరీ. ఆ రోజుల బ్యాటరీలు తీగ తగిలించగానే ఒక బలం, కాసేపటికి మరో బలం చూపేవి. కొలిచే లోపలే కొలత మారిపోయేది. పొగెన్‌డార్ఫ్ అనే శాస్త్రవేత్త సలహా మీద ఓమ్ బ్యాటరీని ప్రక్కన పెట్టేశాడు. రెండు వేర్వేరు లోహాలను అతికి, ఒక అతుకును వేడిగా, మరో అతుకును చల్లగా ఉంచితే విద్యుత్తు పుడుతుందని 1821లో జేబెక్ కనిపెట్టి ఉన్నాడు. ఓమ్ రాగి, బిస్మత్ లోహాలతో అటువంటి జంట చేసి, ఒక అతుకును మరిగే నీటిలో, మరొకదాన్ని మంచులో ఉంచాడు. నీరు మరిగినంతసేపూ, మంచు కరిగినంతసేపూ వాటి ఉష్ణోగ్రతలు మారవు. కనుక విద్యుత్ బలమూ మారదు. ఇంతకంటె చవకైన, నమ్మకమైన ఏర్పాటు ఏముంది!

1826 జనవరిలో ఒకే మందం గల 8 రాగి తీగలు తీసుకున్నాడు. అన్నిటికంటె పొట్టిది ఆనాటి కొలతలో 2 అంగుళాలు, అన్నిటికంటె పొడుగుది 130 అంగుళాలు. ఒక్కొక్క తీగనే కలుపుతూ, అయస్కాంత ముల్లును తిరిగి తన చోటికి తేవడానికి వ్రేలాడదీసిన పట్టీని ఎంత మెలిపెట్టాలో కొలిచాడు. పొడవు పెరిగేకొద్దీ ప్రవాహం ఎలా తగ్గుతుందో అంకెలు వరుసగా చెప్పాయి. ఒకే లోహంతో చేసిన రెండు తీగలలో ఒకటి రెండింతలు పొడుగై, దాని మధ్యచ్ఛేద వైశాల్యం కూడా రెండింతలైతే, రెండూ ఒకే విధంగా పనిచేస్తాయనీ తేల్చాడు. క్రిందటి ఏడు తాను అచ్చువేసిన లెక్కను తానే దిద్దుకొని, సరైన సూత్రాన్ని 1826లో ప్రకటించాడు.

ఇది చదివినప్పుడు నాకు 1978 నాటి నా తప్పు ఒకటి జ్ఞాపకం వచ్చింది. ఇన్నేళ్ళకు చెప్పుకోవడానికి సిగ్గు లేదు.

నేను పనిచేసే సెక్షన్‌లో ఒక మెట్ట గ్రామం ఉండేది. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి 1.2 కిలోమీటర్ల దూరంలో, లైను చిట్టచివర, ఒక పెద్దాయన బావి. వేరుశనగ వేశాడు. ఆ ఏడు ఆయన మోటారు కాలిపోయింది. వైండింగు చేయించి బిగిస్తే నెల తిరగకుండానే మళ్ళీ కాలింది. రెండోసారి ఇల్లాలి నానుతాడు కుదువబెట్టి డబ్బు తెచ్చాడు. వోల్టేజి చూడమని నా దగ్గరకు వస్తే, మిట్టమధ్యాహ్నం వెళ్ళి మీటరు పెట్టాను. 415 చూపించింది. కరెంటు నిక్షేపంగా ఉంది, వైండింగు షాపువాడు నాసిరకం తీగ చుట్టి ఉంటాడు అని చెప్పి వచ్చేశాను. పెద్దాయన నా మాట నమ్మి ఆ షాపువానితో తగవు పెట్టుకున్నాడు.

మా సెక్షన్‌లో ఒక ముసలి లైన్‌మన్ ఉండేవాడు. అక్షరాలు కూడబలుక్కునేవాడు గాని, లైను నాడి తెలిసినవాడు. రాత్రి అన్ని మోటార్లూ ఆడేటప్పుడు ఒకసారి చూడండి అయ్యా అని మెల్లగా అన్నాడు. పది గంటలకు వెళ్ళి మీటరు పెడితే 340 చూపించింది. చేతిలో టార్చి లైటు పట్టుకొని అక్కడే గట్టుమీద కూర్చున్నాను. పగలు నేను చూసినప్పుడు మోటార్లేవీ ఆడటం లేదు. ప్రవాహం లేనప్పుడు తీగ ఎంత సన్ననిదైనా, ఎంత పొడుగైనా వోల్టేజి తరగదు. ప్రవాహాన్ని నిరోధంతో గుణిస్తే వచ్చేదే తరుగు. ప్రవాహం సున్న అయితే తరుగూ సున్నయే. పాలిటెక్నిక్‌లో బట్టీపట్టి మార్కులు తెచ్చుకున్న ఓమ్ నియమం, ఆ రాత్రి గాని నాకు అర్థం కాలేదు.

లెక్క ఇదీ. ఆ లైను స్క్విరల్ తీగ. కిలోమీటరుకు సుమారు 1.4 ఓములు. 1.2 కిలోమీటర్లకు దాదాపు 1.7 ఓములు. చివరనున్న 6 మోటార్లు కలిసి సుమారు 25 ఆంపియర్లు లాగుతుంటే, ఒక్కో ఫేజు తీగలోనే 42 వోల్టులు హరించుకుపోతాయి. ఫేజుకు 240 ఉండవలసింది 198కి దిగుతుంది. ఫేజుల మధ్య 415కు బదులు 340 చిల్లర మిగులుతుంది. వోల్టేజి తగ్గితే మోటారు అదే పని చేయడానికి మరింత ప్రవాహం లాగి, కాయిలు వేడెక్కి కాలుతుంది. వైండింగు షాపువాని తప్పేమీ లేదు. ఆ లైను చివరి స్తంభాల అంచనా మీద సంతకం నాదే.

మరునాడు ఆ పెద్దాయన ఇంటికీ, షాపువాని దగ్గరికీ వెళ్ళి తప్పు నాదని చెప్పాను. షాపువాడు నవ్వి ఊరుకున్నాడు. పెద్దాయన ఏమీ అనలేదు, మజ్జిగ ఇప్పించాడు. ట్రాన్స్‌ఫార్మర్‌ను లైను మధ్యకు తెచ్చి, తీగ మార్చి రాబిట్ లాగేసరికి మూడు నెలలు పట్టింది. అప్పటికి చేను సగం ఎండింది. దూరం సగమైంది, తీగ లావైంది, 42 వోల్టుల తరుగు 8కి దిగింది. ఆ మోటారు తరువాత కాలలేదు. నానుతాడు విడిపించుకున్నాడో లేదో అడిగే ధైర్యం మాత్రం నాకు కలగలేదు.

మన ఇళ్ళలోని పిల్లల కోసం ఈ లెక్కను సులభంగా చెబుతాను. కాలువ ఎంత దూరం పారితే చివరి మడికి అంత తక్కువ నీరు, కాలువ ఎంత వెడల్పైతే అంత ఎక్కువ నీరు. తీగా అంతే. పొడవు రెండింతలైతే నిరోధం రెండింతలు. మధ్యచ్ఛేద వైశాల్యం రెండింతలైతే నిరోధం సగం. ఇక్కడ ఒక మెలిక ఉంది. వ్యాసం రెండింతలైతే వైశాల్యం నాలుగింతలవుతుంది, కనుక నిరోధం నాలుగో వంతుకు పడిపోతుంది. మనకు తెలిసిన 14 నెంబరు తీగ వ్యాసం 2.03 మిల్లీమీటర్లు, 8 నెంబరు తీగది 4.06. ఒకే లోహమైతే 8 నెంబరు తీగ నిరోధం 14 నెంబరు తీగలో నాలుగో వంతే. కంసాలి కమ్మచ్చులో లాగి తీగను రెండింతలు సాగదీశాడనుకోండి. పొడవు రెండింతలు, మధ్యచ్ఛేద వైశాల్యం సగం, వెరసి నిరోధం నాలుగింతలు. ఇక లోహాన్ని బట్టీ మారుతుంది. అదే కొలతల రాగి తీగకంటె అల్యూమినియం తీగ నిరోధం సుమారు ఒకటిన్నర రెట్లకు పైమాటే. హీటరులో వాడే నైక్రోమ్‌ది అరవై రెట్లకు పైన. మన లైన్ల తీగలకు జంతువుల పేర్లు పెట్టారు గదా – స్క్విరల్, వీజల్, రాబిట్, డాగ్. కిలోమీటరుకు వరుసగా సుమారు 1.4, 0.9, 0.55, 0.28 ఓములు. జంతువు పెద్దదైనకొద్దీ తీగ లావు, నిరోధం తక్కువ.

మళ్ళీ ఓమ్ దగ్గరకు వద్దాం. తన పని ఒక గ్రంథంగా వెలువరిస్తే ఏదైనా విశ్వవిద్యాలయంలో ఆచార్య పదవి రాకపోదని ఆయన ఆశ. 1826 ఆగస్టులో సగం జీతం మీద ఏడాది సెలవు పెట్టి, తమ్ముడున్న బెర్లిన్‌కు వెళ్ళాడు. సగం జీతం అంటే ఏమిటో మనకు తెలుసు. 1827లో విద్యుత్ వలయాన్ని గణితరీత్యా వివరించే గ్రంథం అచ్చయింది. ఫలితం నిరాశే. ప్రకృతిని లెక్కలతో కాక తత్వవిచారంతో గ్రహించాలనే పండితుల మాటకు ఆ రోజుల్లో జర్మనీలో బలం ఎక్కువ. కొందరికి ఆ గణితం అర్థం కాలేదు, కొందరు బాహాటంగా తీసిపారేశారు. నొచ్చుకున్న ఓమ్ 1828లో కొలోన్ ఉద్యోగానికి రాజీనామా ఇచ్చేశాడు. నలభైకి చేరువైన వయసు. పెళ్ళి లేదు, పదవి లేదు. బెర్లిన్‌లో సైనిక పాఠశాలలో వారానికి కొన్ని గంటలు లెక్కలు చెప్పుకొని కాలం వెళ్ళదీశాడు. అలా అయిదారేళ్ళు. 1833లో నూరెంబర్గ్ పాలిటెక్నిక్‌లో ఆచార్యుడిగా చేరాకగాని కాస్త కుదుటపడలేదు.

ఈలోగా లోకానికి ఆయన అవసరం పడింది. టెలిగ్రాఫ్ వచ్చింది. మైళ్ళ తరబడి తీగ లాగితే అవతల సంకేతం అందుతుందా, తీగ ఎంత లావుండాలి అన్న ప్రశ్నకు ఓమ్ సూత్రం తప్ప దారి లేదు. 1841లో లండన్‌లోని రాయల్ సొసైటీ ఆయనకు తన అత్యున్నత పురస్కారమైన కోప్లీ పతకం ఇచ్చింది. మరుసటి ఏడాది విదేశీ సభ్యత్వమూ ఇచ్చింది. పరాయి దేశం నెత్తిన పెట్టుకున్నాక సొంతవారు కళ్ళు తెరిచారు. 1845లో బవేరియా అకాడమీ సభ్యుణ్ణి చేసుకుంది. 1849లో మ్యూనిక్‌కు పిలిచారు. 1852లో ఆయన జీవితమంతా కోరుకున్న భౌతికశాస్త్ర ఆచార్య పీఠం మ్యూనిక్ విశ్వవిద్యాలయంలో లభించింది. అప్పటికి ఆయనకు 63 ఏళ్ళు. మనలో చాలామంది 58 నిండగానే పూలమాల వేయించుకొని ఇంటికి వచ్చినవాళ్ళం. ఆయనకు అసలు ఉద్యోగం ఆ వయసు దాటాక వచ్చింది. దాన్ని అనుభవించింది రెండేళ్ళే. 1854 జూలై 6న మ్యూనిక్‌లో కన్నుమూశాడు.

ఆయన పోయాక లెక్క నిలిచింది. అట్లాంటిక్ సముద్రం అడుగున 1858లో వేసిన టెలిగ్రాఫ్ కేబులులో నాటికల్ మైలుకు 107 పౌండ్ల రాగి ఉండేది. అది కొద్ది వారాలకే మూగబోయింది. 1866లో విజయవంతమైన కేబులులో రాగిని 300 పౌండ్లకు పెంచారు. ఇన్సులేషనునూ మెరుగుపరిచారు. 1881లో పారిస్‌లో జరిగిన అంతర్జాతీయ విద్యుత్ మహాసభ నిరోధానికి ప్రమాణంగా ఆయన పేరు పెట్టింది. 1893లో చికాగో మహాసభ ఆ ఓమును ఎలా నిర్వచించిందో చూడండి – మంచు కరిగే ఉష్ణోగ్రతలో, అంతటా ఒకేలా ఉండే సుమారు ఒక చదరపు మిల్లీమీటరు మధ్యచ్ఛేదంతో, 106.3 సెంటీమీటర్ల పొడవు గల పాదరస స్తంభం చూపే నిరోధం. పొడవు, మందం, లోహం. ఆయన కొలోన్ ప్రయోగశాలలో పట్టుకున్న మూడూ అందులో ఉన్నాయి. 2019 మే నుంచి ఓమును ప్రకృతి స్థిరాంకాలతో నిర్వచిస్తున్నారు. కొలిచే దారి మారింది, పేరు మారలేదు.

ముగించే ముందు మన సభ్యుల కుటుంబాలకు ఒక మనవి. సన్నని ఎక్స్‌టెన్షన్ తీగను గదులన్నీ తిప్పి గీజరుకో, ఏ.సి.కో పెట్టకండి. పొడుగూ సన్నమూ రెండూ నిరోధం పెంచేవే. పోయిన కరెంటు వేడిగా మారి తీగ తొడుగును కరిగిస్తుంది. గీజరు, ఏ.సి.లకు 2.5 లేక 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగతో విడిగా లైను వేయించండి. చేయి పెడితే తీగ వెచ్చగా ఉంటే నిర్లక్ష్యం చేయకండి. మా ఇంట్లో మనవడు కొత్త కూలరుకు సన్న తీగ తగిలించబోతే, నేను మీటరు తీసి, కూలరు ఆడుతుండగా కొలిచి చూపించాను. ఆడకుండా కొలవకూడదని నేర్పినవారు ఆ ముసలి లైన్‌మన్, ఆ పెద్దాయన. ఎందుకు కొలవకూడదో చెప్పినవాడు ఓమ్ మహాశయుడు. ముగ్గురికీ నా నమస్కారాలు.